అంకారావు అను ఇమ్మానుయేలు

ఇమ్మానుయేలుకు రెండు పేర్లు. అందులో వింతేమీ లేదు. వాళ్ల పేటలో చిన్నా పెద్దా అందరికీ రెండేసి ఉంటాయి. గుడిలో, అంటే చర్చిలో పిలిచేది ఒకటి, బడిలో రాసేది ఒకటి. అతను పుట్టినప్పుడు నాయనమ్మ గ్రామదేవత అంకమ్మ తల్లికి మొక్కుకుని అంకారావు అని పెట్టింది. అతనికి ఏడేళ్లప్పుడు ఇంటిల్లిపాదీ సంఘంలో చేరి బాప్తిస్మం తీసుకున్నారు. పాస్టరు అయ్యగారు నెత్తిన నీళ్లు చల్లి ఇమ్మానుయేలు అన్నాడు. బడి రిజిస్టర్లో మాత్రం అంకారావు అలాగే ఉండిపోయాడు.

ఎందుకు మార్చలేదని పేటలో ఎవర్నడిగినా చెప్పరు. అందరికీ తెలుసు కాబట్టి చెప్పరు. క్రైస్తవుడని కాగితం మీద పడ్డ రోజున ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. ఆదివారం గుడికి పోయినా పోకపోయినా ఊరికి వాడు పేటవాడే, ఊరి చూపు వెంట్రుకవాసి మారదు. కాగితం మాత్రం మారిపోతుంది. అందుకని గుడి పేరు గుడిలో ఉంటుంది, బడి పేరు బడిలో ఉంటుంది. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా కాలం గడిపేస్తాయి.

ఇమ్మానుయేలు చేసిన తప్పల్లా, ఒక్కచోట ఆ రెండింటినీ తారుమారు చేయడం.

పదమూడేళ్ల కిందట హైవే పక్కన నూలు మిల్లు పెట్టారు. అందులో మేస్త్రీగా కుదిరినాయన ఫిలిప్ గారు, వాళ్ల సంఘ పెద్ద. ఆదివారం కానుకల పళ్లెం పట్టుకుని వరస వరసకీ తిరిగే మనిషి. పేటలో పదిమందిని ఆయనే పనిలో పెట్టాడు. ఫారం ముందేసుకుని, కళ్లజోడు సర్దుకుని, పేరు చెప్పమన్నాడు. సంఘ పెద్ద ఎదురుగా నిలబడి అంకారావు అనడానికి ఇమ్మానుయేలుకు నోరు రాలేదు. ఇమ్మానుయేలు అన్నాడు. ఆయనా అదే రాశాడు. ఆ ఫారంతోనే ఉచితంగా మందులిచ్చే ఈఎస్ఐ కార్డు వచ్చింది, ఫోటోతో సహా. తర్వాత ఆధార్ తీసేవాళ్లు బడి సర్టిఫికెట్ చూసి అంకారావు అని కొట్టారు. జీతం బ్యాంకులో పడేది. బ్యాంకుకు నంబరుంటే చాలు, పేరు ఎవడు చూస్తాడు? పదమూడేళ్లు ఇమ్మానుయేలు మిల్లులో పత్తి చిక్కుతీసే మిషను నడిపితే, అంకారావు ఇంటికి బియ్యం తెచ్చాడు. ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఈ వేసవిలో మిల్లు ఆగింది. కరెంటు బకాయి అన్నారు, నూలు పోవడం లేదన్నారు, బ్యాంకన్నారు. ఒక సోమవారం పొద్దున షిఫ్టుకు పోయేసరికి గేటుకు రెండో తాళం వేలాడుతోంది. మొదటిది ఓనరుది, రెండోది బ్యాంకుది. ఫిలిప్ గారు చనిపోయి అప్పటికి రెండేళ్లు.

పని వెతకడం అంటే ఏమిటో నలభయ్యారేళ్లకు నేర్చుకున్నాడు ఇమ్మానుయేలు. మిగతా నూలు మిల్లులకు పోతే వాచ్‌మన్లే లోపలికి పంపలేదు. ఒరిస్సా కుర్రాళ్లు మిల్లు షెడ్లలోనే పడుకుని రెండు షిఫ్టులు చేస్తున్నారు, నలభై దాటిన దగ్గుమనిషి ఎవడికి కావాలి? మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోద్దామంటే హమాలీ ముఠాలున్నాయి. ముఠాలో ఒకడు చస్తే వాడి కొడుకొస్తాడు తప్ప బయటివాణ్ణి రానివ్వరు. మిరపకాయ తొడాలు తీసే పనికి ఆడవాళ్లనే పిలుస్తారు. అతని భార్య జయకుమారి ఆ పనికే పోతోంది. సాయంత్రం ఇంటికొచ్చి మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. వేళ్లు పగిలి మంట. ఆ చేతులతో కళ్లు తుడుచుకోవడానికి కూడా లేదు.

అట్లా రెండు నెలలు పోయాక మిల్లులో పక్క మిషను మీద చేసిన బుడే కనపడ్డాడు. బుడే నోరు పెద్దది, మనసు కూడా. నిరుద్యోగ భృతి సంగతి అతనే చెప్పాడు. ఈఎస్ఐ ఉన్నవాడికి పని పోతే మూడు నెలలపాటు సగం జీతం ఇస్తారని, జన్మలో ఒక్కసారే ఇస్తారని, తనకు అప్పుడే పడిపోయిందని.

“అడుక్కునేదిగా చూడమాక,” అన్నాడు బుడే. “నెలనెలా మన జీతంలోంచి కోశారా లేదా? అదే ఇది. పోయి తెచ్చుకోరా, సిగ్గెందుకు?”

సిగ్గు కాదు ఇమ్మానుయేలుకు. కార్డు గుర్తొచ్చింది.

ఈఎస్ఐ ఆఫీసులో ఆ పని చూసే గుమాస్తా శివనాగరాజు. నుదుటిన కుంకుమబొట్టు, మెత్తటి గొంతు. కార్డు ఎడమవైపు, ఆధార్ కుడివైపు పెట్టుకుని, కంప్యూటర్ వంక చూశాడు.

“కార్డు మీద ఇమ్మానుయేలు. ఆధార్ మీద అంకారావు. నువ్వెవరయ్యా?”

“ఇద్దరూ నేనేనండి.”

“నువ్వంటే చాలదు. కంప్యూటరు అనాలి.”

మిల్లు వాళ్లతో ఒక కాగితం రాయించుకురమ్మన్నాడు. మిల్లుకు తాళం పడిందని, ఓనరు ఫోను ఎత్తడం లేదని ఇమ్మానుయేలు చెప్పాడు. శివనాగరాజు కాసేపు ఆలోచించాడు. సాయం చేద్దామనే ఆలోచించాడు, అదే వచ్చిన చిక్కు.

“పోనీ రెండు పేర్లూ ఉన్న పాత కాగితం ఏదన్నా ఉందా? పెళ్లిదో, బాప్తిస్మందో. మీవాళ్లు కొంతమంది అదే తెస్తుంటారు.”

మీవాళ్లు అన్నాడు. ఆధార్ మీద అంకారావు అని ఉన్న మనిషిని ఒక్క చూపుతో మీవాళ్లలో వేసేశాడు ఈయన. ఈయనకే అంత తేలిగ్గా తెలిస్తే ఇంకెవరికి తెలియదు?

అతని భయమల్లా ఇంట్లో ఉన్న కూతురి గురించి. గుడిలో మహిమ, సర్టిఫికెట్లో భానుశ్రీ. ఇంటర్ అయింది, నర్సింగులో సీటు వచ్చేలా ఉంది. వచ్చే గురువారమే సర్టిఫికెట్ల పరిశీలన. ఎస్సీ సర్టిఫికెట్ ఉంటే సీటు ఉంది, ఫీజు లేదు. లేకపోతే రెండూ తిరగబడతాయి. తండ్రి క్రైస్తవుడని గవర్నమెంటు కంప్యూటర్లో పడితే, కూతురు ఏమవుతుంది? ఈ మాట ఎవర్నయినా అడగాలన్నా భయమే. అడిగితే, అడిగినట్టు తెలిసిపోతుంది.

దానికి తోడు దర్శి వైపు నుంచి ఒక కబురు పేటలో తిరుగుతోంది. ఎస్సీ కోటాలో చేరిన ఎవరో ఉద్యోగి క్రైస్తవుడని ఎవరో అర్జీ పెట్టారట. ఇంట్లో గోడ మీది బైబిలు వాక్యం ఫోటో తీసి మరీ పంపారట. నిజమో అబద్ధమో ఎవడికీ తెలియదు. అందరూ గొంతు తగ్గించి చెప్పుకుంటున్నారు, అంతే.

అయినా పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయాడు. జయకుమారి వేళ్లు చూసి పోయాడు. అయ్యగారు క్రీస్తుదాసు గారు బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. సిరా గోధుమరంగు తిరిగింది. అంకారావు, వయస్సు ఏడు, క్రొత్త పేరు ఇమ్మానుయేలు. భూమ్మీద ఆ ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టిన కాగితం అదొక్కటే.

“రాసిస్తా. నిజమేగా,” అన్నాడు అయ్యగారు. కానీ పెన్ను తియ్యలేదు. “ఇమ్మానుయేలూ, ఈ పుస్తకంలో నువ్వొక్కడివే లేవు నాయనా. మూడు తరాల పేట ఉంది. టీచర్లున్నారు, కానిస్టేబులున్నాడు. రేపెవరన్నా ఈ రిజిస్టరు తెమ్మంటే నేనేం చెయ్యాల?”

“వద్దంటారా అయ్యగారూ?”

“వద్దని నేనెట్టా అంటాను? అది మూడు నెలల కూడు. వద్దన్నవాడు ఆ కూడు పెట్టాలిగా.”

చివరికి సంఘం లెటర్‌హెడ్ మీద నాలుగు వరసలు రాసి, సంతకం చేసి, ఊదారంగు ముద్ర కొట్టి ఇచ్చాడు. సిరా ఆరేదాకా ఊదాడు కూడా. ఇమ్మానుయేలు దాన్ని మడిచి చొక్కా లోపల బనియనుకీ ఒంటికీ మధ్య పెట్టుకున్నాడు. ఇంటికి నడిచింది రెండు వీధులే. చొక్కా, బనియను విప్పితే చెమటకు ముద్ర పొట్ట మీద అచ్చుపడి ఉంది. సబ్బు పెట్టి రుద్దినా ఆ మరక వెంటనే పోలేదు.

జయకుమారి ఆ కాగితం చదవలేదు, చదవడం రాదు. ముద్ర చూసింది, చాలు.

“చింపెయ్యి,” అంది. “మూడు నెలలేగా, నేను తొడాలు తీస్తా. పిల్ల సీటు పోతే జన్మంతా అదీ తొడాలే తీస్తది.”

“నీ చేతులు చూసుకో ముందు.”

“నా చేతులు నేను చూసుకుంటా. నువ్వు దాని కాగితాలు చూడు.”

చింపలేదు. గురువారం దాటాక చూద్దామన్నాడు. సర్టిఫికెట్లు చూడటం అయిపోయాక ఈ కాగితం ఎవడికి కావాలి అని తనకు తాను చెప్పుకున్నాడు. కాగితాన్ని బియ్యం డబ్బాలో పెట్టాడు, అక్కడ్నుంచి తీసి పరుపు కింద పెట్టాడు, అక్కడ్నుంచి కప్పు రేకుల సందులో దోపాడు. ఎక్కడ పెట్టినా బయటికి కనపడుతున్నట్టే ఉంది.

మంగళవారం పదింటికి గ్రామ సచివాలయం నుంచి ఇద్దరు వచ్చారు. ఒకతను ట్యాబ్ పట్టుకుని వీధి మొదట్లో నిలబడి, అంకారావు ఇల్లు ఎక్కడని అడగడం ఇమ్మానుయేలు చెవిన పడింది. అంకారావు అని అడిగారు. పేటలో అతన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు. పక్కింటావిడ కూడా ఒక్క క్షణం తడుముకుంది.

గోడ మీద సంఘం కేలండరుంది, పైన పెద్ద అక్షరాలతో ఆ సంవత్సరపు వాగ్దాన వాక్యం. ఇమ్మానుయేలు ఒక్క అంగలో పోయి దాన్ని పీకాడు. మేకుతో సహా ఊడింది. పెళ్లి ఫోటోలో వెనక సిలువ కనపడుతోందని దాన్నీ బోర్లించాడు. మహిమ బైబిలు సంచిలో కుక్కి, సంచి మీద తనే కూర్చుంది. చెప్పకుండానే కూర్చుంది. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఈ విద్య ఎవరు నేర్పారో ఇమ్మానుయేలుకు అర్థం కాలేదు. తనే నేర్పి ఉంటాడు.

వచ్చినవాళ్లు గడప దాటలేదు. రేషన్ కార్డుకు వేలిముద్ర పడలేదట, మళ్లీ వెయ్యమన్నారు. పత్తి మిషను దగ్గర పదమూడేళ్లు అరిగిన వేలు, మూడుసార్లు పెట్టినా పడలేదు. ట్యాబ్ కుర్రాడు నవ్వాడు.

“ఏంటి బాబాయ్, పరీక్ష రాసేవాడిలాగా అట్టా చెమటలు? వేలు తుడుచుకుని పెట్టు.”

నాలుగోసారి పడింది. వాళ్లు పోయాక కూడా చాలాసేపు ఎవరూ కేలండరు తిరిగి పెట్టలేదు. గోడకు మేకు ఊడిన బెజ్జం, దాని కింద కాస్త సున్నం రాలి ఉంది.

గురువారం పరిశీలన బాగానే జరిగింది. తండ్రీకూతుళ్లు పొద్దున్నే బస్సెక్కి పోయారు. బల్ల వెనక కూర్చున్న ఆవిడ ఎస్సీ సర్టిఫికెట్ నంబరు కొట్టి చూసుకుంది, తలూపింది, టిక్కు పెట్టింది. ఇమ్మానుయేలు గట్టిగా ఊపిరి వదిలాడు. ఇకనయినా ఆ నోరు మూసుకోవచ్చు కదా, మూసుకోలేదు.

“ఇంక అయిపోయినట్టేనా మేడమ్?”

“ఇక్కడికి అయిపోయింది. ఏదన్నా కంప్లయింటు వస్తే ఎప్పుడైనా తహసీల్దారుకి రాస్తారు. చదువయ్యాక కూడా, ఉద్యోగం వచ్చాక కూడా. ఎందుకు, ఏమన్నా ఉందా?”

“అబ్బే, ఏం లేదండి.”

మహిమ బయటికొచ్చి తండ్రి వంక చూసింది. “ఎందుకు నాన్నా అడిగావు?” అంది, కోపంగా కాదు. గురువారం దాటితే భయం దాటుతుందనుకున్నాడు. ఈ భయానికి గురువారాలు లేవని అప్పుడే తెలిసింది.

అయినా మర్నాడు కాగితం తీసుకుని ఈఎస్ఐ ఆఫీసుకు పోయాడు. పోకపోతే ఇంటికి ఏం పట్టుకుపోతాడు? పొయ్యి వెలిగేందుకు వేరే దారి లేదు. శివనాగరాజు గుర్తుపట్టి కూర్చోమన్నాడు. కార్డు బల్ల మీద పెట్టించుకుని, కాగితం చదివి, బాగుందన్నాడు. ఇంత స్పష్టంగా రాసిన కాగితం ఈ మధ్య చూడలేదని అయ్యగారి చేతిరాతను మెచ్చుకున్నాడు. స్కానర్ మూత ఎత్తాడు.

“ఇది ఎక్కడికి పోద్ది సార్?”

“కంప్యూటర్లోకి.”

“అక్కడ్నుంచి?”

“అక్కడ్నుంచి పైకి. నీ పేరు మీదే ఉంటుందిలే, భయం లేదు.”

“మళ్లీ తీసెయ్యొచ్చా సార్, పని అయ్యాక?”

“ఒకసారి ఎక్కితే తీసేది ఉండదయ్యా. గవర్నమెంటు రికార్డు.”

కాగితం అద్దం మీద బోర్లా పడింది. ఇమ్మానుయేలు లేచి నిలబడ్డాడు. అతనికి కనపడింది స్కానర్ కాదు, ఏదో ఊళ్లో ఏదో ఆస్పత్రిలో తెల్ల బట్టల్లో నిలబడ్డ మహిమ, ఆమె ముందు ఎవడో తెరిచి పెట్టిన ఫైలు, అందులో ఈ ఊదారంగు ముద్ర.

“సార్, వద్దండి. ఆ ఇమ్మానుయేలు నేను కాదండి.”

శివనాగరాజు మూత పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. “ఏమన్నావ్?”

“మా అన్నయ్యండి ఆయన. నాది అంకారావు.”

“మొన్న ఇద్దరూ నేనేనన్నావ్?”

శివనాగరాజు బల్ల మీది కార్డును అతని వైపు తిప్పాడు.

“కార్డు మీద ఫోటో నీదేగా?”

“అన్నయ్యది నా పోలికేనండి.”

శివనాగరాజు మెత్తటి గొంతు అక్కడ పోయింది. అది కోపమనుకోవడానికి లేదు, అతనూ బెదిరినట్టే ఉన్నాడు. “చూడు. ఈ కార్డు మీద డిస్పెన్సరీలో దగ్గు మందులు తీసుకున్నది ఎవరు? అన్న కార్డు తమ్ముడు వాడితే అది కేసవుద్ది. తెలిసే మాట్లాడుతున్నావా? కూర్చో. మేనేజరు గారిని పిలుస్తా.”

ఆయన లేచి లోపలి గది వైపు నాలుగడుగులు వేశాడో లేదో, ఇమ్మానుయేలు అద్దం మీద కాగితాన్ని లాక్కున్నాడు. కార్డు బల్ల మీదే ఉండిపోయింది. దాని కోసం చెయ్యి చాపలేదు. మెట్లు ఎలా దిగాడో తెలియదు, వెనక నుంచి ఎవరో ఇమ్మానుయేలూ అని పిలుస్తున్నారు. ఆ పేరుకి వెనక్కి చూడకూడదు అనుకున్నాడు. చూడలేదు.

బస్టాండులో మరుగుదొడ్డి పక్కన నిలబడి కాగితాన్ని ముక్కలు చేసి, నీళ్ల సీసాలో కుక్కి ఊపాడు. ముద్ర కరిగి నీళ్లు వంకాయ రంగుకు తిరిగాయి. ముద్దయ్యేదాకా ఊపి, తూములో వొంపి, సీసా కూడా పారేశాడు. ఆ తర్వాత వారం రోజులు ఏ ల్యాండ్‌లైన్ నంబరు నుంచి ఫోను మోగినా ఎత్తలేదు. ఒకే నంబరు మూడుసార్లు వచ్చింది. కేసు పెట్టడానికో, కార్డు తీసుకుపొమ్మనడానికో, అసలు వేరే దారేదో ఉందని చెప్పడానికో, ఇమ్మానుయేలుకు ఎప్పటికీ తెలియదు. నాలుగోసారి రాకుండా ఆ నంబరును మహిమ చేత బ్లాకు చేయించాడు.

సంగతి విని బుడే నెత్తి కొట్టుకున్నాడు.

“ఒరేయ్, నోటికాడ ముద్ద తన్నేసి వచ్చావు కదరా. ఎవడు చూస్తాడురా ఆ కాగితం?”

“ఎవడన్నా చూస్తే?”

బుడే తిట్టడం మానేసి, పిడుగురాళ్లలో తన బావమరిది లారీ తోలే సున్నం ఫ్యాక్టరీ ఒకటుందని, మనుషులు కావాలంటున్నారని చెప్పాడు. బట్టీ దగ్గర పని, ఎండా మంటా. పత్తి దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులకు సున్నపు పొడి మంచిది కాదని ఇద్దరికీ తెలుసు.

సోమవారం పొద్దున ఇమ్మానుయేలు పిడుగురాళ్లలో దిగాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉన్నాయి. రేకుల గదిలో లెక్కలు రాసే రైటర్ చైతన్యకృష్ణ, ముప్పై లోపు కుర్రాడు, ఫోనులో ఒక కన్ను పెట్టి ఫారం రాస్తున్నాడు. ఆధార్ అడిగాడు. చూసి రాసుకున్నాడు.

“అంకారావు. ఇంతకుముందు ఈఎస్ఐ ఉందా? పాత నంబరుంటే చెప్పు, అదే కంటిన్యూ అవుద్ది. లేకపోతే కొత్తది తియ్యాలి.”

ఆ నంబరు అతనికి కంఠోపాఠం. డిస్పెన్సరీ కిటికీ దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో.

“లేదండి.”

“ఎక్కడా చెయ్యలా?”

“పొలం పనులండి. మిరప, పత్తి.”

“ఈ వయసులో మొదటి ఉద్యోగమా నీకు?” చైతన్యకృష్ణ తల ఎత్తి చూశాడు, మళ్లీ ఫోను వంక చూశాడు. “సర్లే. కుటుంబం చెప్పు. వాళ్లక్కూడా కార్డులొస్తాయి. భార్య?”

“జయకుమారి.”

“పిల్లలు?”

“ఒక్కతేనండి. అమ్మాయి.”

“పేరు?”

ఇమ్మానుయేలు పెదాలు కలిశాయి. మహిమ అనడానికే కలిశాయి, పద్దెనిమిదేళ్లుగా అవి అట్లాగే కలుస్తున్నాయి. లారీ ఒకటి వెనక్కి వస్తూ పీ పీ మంటోంది. చైతన్యకృష్ణ పెన్ను ఎత్తి పట్టుకుని, చెప్పమన్నట్టు గడ్డం ఎగరేశాడు.

“భానుశ్రీ అండి,” అన్నాడు. చైతన్యకృష్ణ రాస్తున్నంతసేపూ పెన్ను వంకే చూశాడు. రాయడం అయ్యాక, తప్పు పడలేదు కదా, ఒక్కసారి చదివి వినిపించమని అడిగాడు.